మూడు గోతాల ఘాటు, ఒక బావి నీళ్లు

ఆ రోజుల్లో జనానికి ఊళ్లు చూపించాలంటే ఒక బస్సు, ఒక డ్రైవరు, రెండు గంగాళాల పులిహోర ఉంటే చాలనుకునేవాళ్లం. మనం చూడబోయే చోట మనకంటే ముందు నుంచి ఎవరో బతుకుతుంటారన్న సంగతి ట్రిప్పు కాగితంలో ఎక్కడా ఉండేది కాదు. ఇప్పుడు మా చెల్లెలి మనవరాలు గుంటూరు బ్రాడీపేటలో శని, ఆదివారాల ట్రిప్పులు నడుపుతోంది. పోయిన నెల పదమూడో తేదీన, ప్రకృతికి హాని చేయకుండా టూర్లు ఎలా నడపాలో ఇరవై రెండు నియమాలు రాసి, తప్పులుంటే దిద్దమని నాకు పంపింది. (పద్నాలుగోది, పంతొమ్మిదోది ఒకటే. గీత గీసి పంపాను.) మొదటి నియమం: ప్లాస్టిక్ కవర్ల బదులు గోనె సంచులు వాడవలెను. అది చదవగానే నా ముక్కు దానంతటదే మండింది. ఎందుకో ఆ పిల్లకి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బి.కాం. పూర్తి చేసి, మా బాబాయి నడిపే టూరిస్టు బస్సుల ఆఫీసులో చేరి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఆఫీసంటే ఒక గది, ఒక టేబులు, రెండు కుర్చీలు. ఒకటి బాబాయిది, రెండోది నాది. సీట్ల చార్టు వేయడం, పులిహోర పొట్లాలు లెక్కపెట్టడం, ఎక్కినవాళ్లు ఎందరో దిగినవాళ్లూ అందరేనని తేల్చడం నా పని. అన్నీ గళ్ల పుస్తకంలో రాసేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది కాబట్టి, కింద వచ్చే అంకెలు గాలిలోంచి తీసినవి కావు.

మాకున్నవి రెండు బస్సులు. రెండో బస్సుకి ఆధారం నెలకోసారి, రెండో ఆదివారం వేసే కనిగిరి ట్రిప్పు. కొండెక్కి పాత కోట చూడటం, దిగి చెట్ల కింద భోంచేయడం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. బస్సు ఆపేది కొండ కింద ఒక ముసలాయన బీడులో. ఆయనకి ముప్పై ఒక్క మేకలు, నాలుగు వేపచెట్లు, ఒక చేదబావి ఉండేవి. మేమంతా మేకల తాత అనేవాళ్లం. మా దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు. గుంటూరు సంగతులు చెబితే మాత్రం శ్రద్ధగా వినేవాడు.

పాలిథీన్ కవర్లు అప్పుడప్పుడే షాపుల్లోకి వస్తున్నాయి. ఆ డిసెంబరులో బాబాయి సరదాపడి, విస్తరాకు పొట్లాలు మానేసి పులిహోరని కవర్లలో కట్టించాడు. శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, తిని, కవర్లని వేపచెట్ల కింద వదిలేసి బస్సెక్కారు. జనవరిలో మళ్లీ వెళ్లేసరికి తాత కర్ర పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. రెండో చేతిలో ఉండ చుట్టుకుపోయిన మూడు కవర్లున్నాయి. కడుపు ఉబ్బి పాడి మేక చచ్చిపోయిందట. కోసి చూస్తే లోపల అవి దొరికాయట. ఒక కవరు మీద మా ఆఫీసు చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆ చీటీలు అంటించింది నేనే.

"ఇంక మీ బస్సు ఈడ నిలబడేది లేదు తల్లీ," అన్నాడు తాత. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను బతిమాలాను. ఫిబ్రవరి ట్రిప్పు మానుకుంటామని, మార్చిలో ఒక్కసారి రానివ్వమని, ఒక్క కవరు కూడా తీసుకురామని, వెంట తెచ్చిన ప్రతి వస్తువూ లెక్కపెట్టి గుంటూరు పట్టుకెళతామని మాటిచ్చాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక్కసారి చూస్తానన్నాడు. ఆఫీసుకొచ్చి చెబితే బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, కనిగిరి ట్రిప్పు ఆగితే రెండో బస్సు అమ్మేయడమేనన్నాడు. ఒక బస్సుకి ఆఫీసులో రెండో కుర్చీ ఎందుకన్న మాట పైకి అనలేదు కానీ, కుర్చీ వైపు చూశాడు. మా ఇంట్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు, ఉద్యోగం లేకపోతే పెళ్లన్నా అవుతుంది కదా అని ఎదురుచూస్తున్నారు. నాకు కుర్చీయే కావాలి.

కవర్లకి బదులేమిటని ఆలోచిస్తే గోతాలు తట్టాయి. గుంటూరులో గోతాలకేం కొదవ? మా అమ్మ తమ్ముడికి మిర్చి యార్డులో కొట్టుంది. యార్డు మామయ్యనడిగితే, మిర్చి ఖాళీ చేసిన పాత గోతాలు ఇరవై నాలుగిచ్చాడు. ఒక్కొక్కటి రెండుగా కోసి, పట్టీ వేసి కుట్టి, నలభై ఎనిమిది భుజం సంచులు చేశాను. బస్సులో సీట్లు నలభై ఎనిమిది. వెళ్లేటప్పుడు అందులో విస్తరాకు పొట్లం, తువ్వాలు. వచ్చేటప్పుడు ఎవరి చెత్త వాళ్ల సంచిలో. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

గోతాలని కోయకముందే మూడు నీళ్లలో ఉతికాను. మేడ మీద ఆరేస్తే కింద వీధిలో జనం దగ్గారు. కానీ మార్చి నెలలో మా ఊళ్లో దగ్గనిదెవరు? ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. మా అమ్మ మాత్రం, "మూడు నీళ్లు చాలవే, ఇంకో నాలుగు నీళ్లు పెట్టు," అంది. నేను లెక్క చెప్పాను. ఒక్కో ఉతుక్కి ఘాటు సగం పోతుందనుకుంటే, మూడు ఉతుకులకి మిగిలేది ఎనిమిదో వంతు. ఎనిమిదో వంతు ఎవరినేం చేస్తుందమ్మా అన్నాను. అమ్మ పదో క్లాసు కూడా చదవలేదు కాబట్టి ఊరుకుంది.

మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున అయిదింబావుకి బస్సు కదిలింది. సంచులన్నీ సీట్ల వెనక కొక్కేలకి తగిలించి ఉన్నాయి. చల్లగాలని కిటికీలు మూసుకున్నారు. ఊరు దాటకముందే ఒకరు తుమ్మారు. చిలకలూరిపేట వచ్చేసరికి నా లెక్కలో ముప్పై ఏడు తుమ్ములు. (అప్పుడు రాయడం మానేశాను. నాకూ వస్తున్నాయి.) విచిత్రమేమిటంటే కారణం ఎవరూ పైకి అనరు. ఒకాయన జలుబన్నాడు. ఒకావిడ డీజిలు పొగంది. ముందు సీట్లో ఉన్న మిల్లు అత్తయ్య గారు (వాళ్లది పత్తి జిన్నింగు మిల్లు) కళ్ల వెంట నీళ్లు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ, పొద్దున్నే లేవడం అలవాటు లేదమ్మాయ్ అంది. నలభై ఎనిమిది మందీ గుంటూరు వాళ్లే. మిరపకాయకి కళ్లలో నీళ్లొచ్చాయని పక్కసీటు వాళ్ల ముందు ఒప్పుకోవడం కంటే ఊపిరాడక పోవడం నయమనుకున్నట్టున్నారు. నేనయితే అప్పుడే అసలు లెక్క వేసుకున్నాను. సంచికి ఎనిమిదో వంతు నిజమే. కానీ ఇరవై నాలుగు గోతాల్లో ఎనిమిదో వంతంటే మూడు నిండు గోతాల ఘాటు. మూసిన బస్సులో, మా మధ్యన.

మా డ్రైవరుది పొదిలి వైపు. రోజుకి పది మాటలు మించి మాట్లాడడు కాబట్టి ఆయన్ని మౌనస్వామి అనేవాళ్లం. అద్దంకి దాటాక ఆయన బస్సు పక్కకి తీసి, దిగి, పంటకాలవలో మొహం కడుక్కుని వచ్చి నా సీటు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయిగారూ, నాకు సిగ్గు లేదు కాబట్టి చెబుతున్నా. ఇది మిరపకాయండి," అన్నాడు.

ఆ ఒక్క మాటతో బస్సంతా నోళ్లు తెరిచింది. మిల్లు అత్తయ్య గారు, "నేను చిలకలూరిపేటలోనే అనుకున్నా, ఎవరన్నా అంటారేమోనని చూస్తున్నా," అంది. వెనకనుంచి ఒకాయన, కోట చూపిస్తావనుకుంటే మిర్చి కల్లం చూపించావు కదమ్మాయ్ అన్నాడు. కిటికీలన్నీ తెరిచారు. గాలికి సంచులు ఊగి, దులిపినట్టయి, మొదటికంటే ఎక్కువైంది. సంచులు పారేద్దామన్నారు కొందరు. నేను నడవాలో నిలబడి, కళ్లు కనపడక ఎటు చూస్తున్నానో తెలియకుండానే, మేక సంగతంతా చెప్పాను. తాతకిచ్చిన మాట చెప్పాను. కుర్చీ సంగతి చెప్పలేదు. తర్వాత మిల్లు అత్తయ్య గారు తన సంచి తీసి తనే భుజానికి తగిలించుకుంది. ఆమె తగిలించుకున్నాక మిగతావాళ్లు మానలేకపోయారు.

కొండ కింద దిగగానే అందరూ బావి దగ్గరికి పరిగెత్తి మొహాలు కడుక్కున్నారు. కొండెక్కారు. ఎండకి చెమట పట్టింది. చెమట పట్టిన భుజం మీద ఆ గోనె పట్టీ రాసుకుంటే ఎలా ఉంటుందో నేను వర్ణించను. (ఎడమ భుజం మీద మచ్చ రెండు వారాలుంది.) కోటని అంత త్వరగా చూసి దిగిన యాత్రికులు ఆ జిల్లాలో అంతకుముందు లేరు. దిగి మళ్లీ బావి దగ్గరికే. ఈసారి భుజాలు, చేతులు, మెడలు. చేద మీద చేద తోడుకున్నారు. భోజనాలయ్యాక మరోసారి.

ఆ సమయంలో నేను బావి వైపు చూడలేదు. చెట్ల కింద కూర్చుని సంచులు లెక్కపెడుతున్నాను. ప్రతి సంచిలో ఎంగిలి విస్తరాకు ఉందో లేదో విప్పి చూసి టిక్కు పెడుతున్నాను. తాత మేకలు నాలుగు అలవాటుగా వచ్చి, ఒక సంచి వాసన చూసి, తలలు విదిలించి, వచ్చినదానికంటే వేగంగా వెళ్లిపోయాయి. అది చూసి ఇంకా సంతోషించాను. మూడుంబావుకి లెక్క సరిపోయింది. పుస్తకం పట్టుకుని తాత దగ్గరికి వెళ్లి, వెళ్లినవి నలభై ఎనిమిది, తిరిగొచ్చినవి నలభై ఎనిమిది, కవరన్నది ఒక్కటి కూడా లేదని చూపించాను.

ఆయన పుస్తకం చూడలేదు. నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లి చేద లోపలికి వదిలాడు. తాడు పోయింది, పోయింది. అడుగున రాయికి తగిలిన చప్పుడయింది. పైకి తీస్తే చేదలో రెండు దోసిళ్ల బురద నీళ్లున్నాయి.

"కవర్లు లేవు తల్లీ, నిజమే. సాయంత్రం మేకలు ఏం తాగాల?" అన్నాడు.

నలభై ఎనిమిది మంది, మనిషికి రెండు చేదలు తక్కువేసుకున్నా తొంభై ఆరు. ఆయన మేకలకి పూటకి పది చేదలు. ఎండాకాలం మొదలైన మెట్ట ప్రాంతంలో తొమ్మిది పూటల నీళ్లని మేం భుజాల మీద పోసుకున్నాం. బావిలో మళ్లీ ఊట రావాలంటే తెల్లవారాలట. నిజం చెప్పాలంటే ఏడ్చాను. కానీ పొద్దున్నించీ అందరి కళ్లూ అలాగే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మౌనస్వామి మాత్రం చూశాడు. వెళ్లి బస్సు స్టార్టు చేశాడు. మిల్లు అత్తయ్య గారికి కనిగిరిలో పత్తి అమ్మే రైతులు తెలుసు. డ్రమ్ములు నేనిప్పిస్తా పదండి అంటూ ముందు ఆమే ఎక్కింది. గంటన్నరలో నాలుగు డ్రమ్ముల నీళ్లతో వచ్చారు. కల్లం అన్న ఆయనతో సహా మగవాళ్లు వరసగా నిలబడి బిందెలతో తొట్టిలోకి చేరవేశారు. మేకలు తాగుతుంటే జనమంతా చుట్టూ నిలబడి చూశారు. కోటని కూడా అంత శ్రద్ధగా చూడలేదు. నాలుగింటికి కదలాల్సిన బస్సు ఏడూ పదికి కదిలింది. ఒక్కరూ విసుక్కోలేదు.

బయల్దేరే ముందు నేను తాత దగ్గరికి వెళ్లి, మళ్లీ రావచ్చా అని అడిగాను. ఆయన తొట్టి వైపు, మేకల వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"రాండి. మీ నీళ్లు మీరు తెచ్చుకోండి," అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ సంచులు రెండు ఇచ్చిపోతావా? జొన్నచేను గట్టున కడతా. మేకలు ఆ దిక్కు పోవు," అన్నాడు.

ఇచ్చాను. ఇచ్చినట్టు పుస్తకంలో రాసి, ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నాను. ముసలాయన నవ్వాపుకుంటూ వేశాడు. అప్పుడు నాకది నవ్వే విషయమని తెలియదు.

రెండో బస్సు అమ్మలేదు. నేను ఆ కుర్చీలో ఇంకో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఏప్రిల్ నుంచి కనిగిరి బస్సు వెనక రెండు నీళ్ల డ్రమ్ములు వెళ్లేవి. జనం దిగకముందే నేను దిగి, నీళ్లెలా ఉన్నాయి తాతా అని అడిగేదాన్ని. ఒక నెల ఆయన తల అడ్డంగా ఊపితే, కోట చూసి పొదిలి వెళ్లి భోంచేశాం. చెల్లెలి మనవరాలి కాగితం అడుగున ఇరవై మూడో నియమంగా ఇదే రాసి పంపాను: వెళ్లే చోట ఉన్నవాళ్లకి దేనికి కొరతో ముందు వాళ్లనే అడగవలెను. ఆ పిల్ల ఫోన్ చేసి, అన్నీ కంప్యూటర్లో దొరుకుతాయి అమ్మమ్మా అంది. దొరుకుతాయేమో. నేనూ అప్పుడు అన్నీ పుస్తకంలో ఉన్నాయనే అనుకున్నాను.

మొన్న ఆ పేజీ తీసి చూశాను. మార్చి రెండో ఆదివారం. మనుషులు సరి, పొట్లాలు సరి, సంచులు నలభై ఎనిమిదికి నలభై ఆరు, పక్కన వేలిముద్ర. ఒక్క కొట్టివేత లేదు. ఇరవై నాలుగేళ్ల పిల్ల ముచ్చటైన దస్తూరి. నీళ్లకి మాత్రం గడి లేదు. పేజీ తిప్పితే, ఏప్రిల్‌లో, స్కేలు పెట్టకుండా పెన్సిలుతో వంకరగా గీసిన గడి ఒకటి కొత్తగా కనిపిస్తుంది. నా జన్మలో స్కేలు లేకుండా గీసిన గీత అదొక్కటే. దాన్ని దిద్దాలని ఇన్నేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు.