పలకరింపు లేని పేజీ

ఎదిల్సా మిందియోలా రోజూ పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోగా తన దగ్గరున్న పుస్తకంలో నూట డెబ్భై ఆరు పేజీలూ లెక్కపెట్టేది. ఒక్క పేజీ కూడా తగ్గలేదని తేలాకే ఆ కాఫీ గొంతు దిగేది. ఎల్ టొటుమో ఊళ్ళో తక్కిన ఆడవాళ్ళకు జపమాల తిప్పడానికి పట్టేంత సేపు ఆమెకు ఈ లెక్కకు పట్టేది. భక్తి కూడా ఇంచుమించు అంతే.

ఆ పుస్తకం ఎవుదోరో బ్రితో అనే అకార్డియన్ వాద్యగాడి జీవితకథ. ఆయన అకార్డియన్ విప్పితే సంతకెళ్ళే గాడిదలు దారి తప్పి పెళ్ళిళ్ళకు వచ్చేవనీ, ఒకసారి ఏటి వరద ఆయన పాట అయ్యేదాకా వంతెన దగ్గర ఆగి వినిందనీ ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. వరద సంగతి కాస్త పెంచారేమో గానీ గాడిదల సంగతి నిజం. ముసలితనంలో ఆయన తన కథ నోటితో చెబుతుంటే ఎదిల్సా టైపు కొట్టింది. మునిసిపాలిటీలో ముప్పై ఒక్కేళ్ళు టైపిస్టుగా చేసిన మనిషి. జనన పత్రాలూ, ఆవులకు వేసే కాల్పు ముద్రల పత్రాలూ, నీటిపన్ను నోటీసులూ కొట్టీ కొట్టీ వేళ్ళు చదునైపోయాయి. పెళ్ళి చేసుకోలేదు. అడిగిన ఒక్కడూ రాసిన ఉత్తరంలో నాలుగు అక్షరదోషాలుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపిందని చెప్పుకుంటారు.

ఎవుదోరో తన సొమ్ముతోనే బర్రాంకియా పట్నంలో మూడు వందల ప్రతులు అచ్చు వేయించాడు. పోయే ముందు ఆమెను మంచం దగ్గరికి పిలిచి, "ఎవడడిగినా ఇవ్వు పిల్లా. నన్ను తిట్టేవాడడిగినా ఇవ్వు. చదివేవాడికి దొరకని పుస్తకమూ, గాలి ఆడని అకార్డియనూ రెండూ ఉత్త పెట్టెలే," అన్నాడు. ఆమె మాటిచ్చింది.

మా వైపు పాటలో ఒక పద్ధతుంది. పాట మధ్యలో గాయకుడు ఓ స్నేహితుడి పేరు కేకేస్తాడు, ఫలానా ఊళ్ళో ఉన్న ఫలానా మంచి మనిషికి అని. అదే పలకరింపు. పలకరింపు పడ్డవాడు ఆ రికార్డును కట్టె కాలేదాకా దాచుకుంటాడు. ఎవుదోరోకు పాడటమే తెలుసు గానీ పుస్తకం రాయడం తెలియదు. కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి పలకరింపులు వేసేవాడు, ఎదిల్సా వాటినీ కొట్టేది. పళ్ళ డాక్టరుకో పలకరింపు, పడవ సరంగుకో పలకరింపు, తనను రెండుసార్లు జైల్లో తోసిన పోలీసుకు కూడా ఓ పలకరింపు.

అక్కడే కొంప మునిగింది. పలకరింపు పడ్డాక అది పడ్డవాడి సొత్తు. నా పేరున్న పేజీ నాదేగా అని జనం చింపుకుపోయారు. దొంగతనమని ఒక్కడికీ అనిపించలేదు. ఆమె ఎదుటే, దండాలు పెట్టి మరీ చింపారు. మంగలి షాపులో, మాంసం కొట్లో, మందుల షాపులో ఎవుదోరో జీవితం అద్దాలు కట్టించుకుని ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది. కథంతా చదవాలంటే ఊళ్ళో ప్రతి గడపా తొక్కాలి, ఒక పేజీకైతే స్మశానానికే వెళ్ళాలి. సరంగు తన పేజీని తనతోపాటే శవపెట్టెలో పెట్టించుకున్నాడు మరి.

ఎదిల్సా జిరాక్సులు తీయించింది. వాటికీ అదే గతి పట్టింది. టైపు ప్రతిని చెదలు తిన్నాయి. ఊరి గ్రంథాలయంలో ప్రతికి అట్ట మాత్రం నిక్షేపంగా ఉంది. చివరికి నిండుగా మిగిలింది ఆమె చేతిలోని ఒక్కటే. దాన్ని పట్నం తీసుకెళ్ళి మళ్ళీ జిరాక్సు తీయిద్దామంటే బస్సులో పోతుందేమోనని భయం. అందుకని వసారాలో స్టూలు వేసింది. ఎవరొచ్చినా అక్కడే కూర్చుని చదువుకోవాలి. తను బొత్తాలు కుడుతున్నట్టు ఎదురుగా కూర్చుని వాళ్ళ చేతుల వంకే చూసేది.

ఒక మంగళవారం ఆ వసారా ముందు మోటారుసైకిలు టాక్సీ ఆగి అస్ద్రూబల్ కిరోస్ దిగాడు. ఎనభై ఒక్కేళ్ళవాడు. ఒకప్పుడు ఎవుదోరో పక్కన డోలు వాయించేవాడు. యాభై ఏళ్ళ కిందట, పెద్ద పోటీ రోజున ఎవుదోరో అకార్డియన్లోంచి స్వరం పలికించే ఇత్తడి రీడు మాయమైంది. ఒక స్వరం మూగబోయి ఆయన ఓడిపోయాడు. తీసింది అస్ద్రూబలేనని నూట పన్నెండో పేజీలో ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పేజీ ఊరంతా చదివింది, అస్ద్రూబల్ తప్ప.

"పుస్తకం ఇటియ్యవే," అన్నాడు.

"కూర్చోండి మామా, ఇక్కడే చదువుకుందురు గానీ."

"ఆ స్టూలు మీదా? నా తుంటికి నీమీద కోపమొస్తుంది. ఇంటికి తీసుకెళ్తా."

"ఇంటికి ఎవరికీ ఇవ్వట్లేదండీ. పేజీలు చింపేస్తున్నారు."

"ఎవడడిగినా ఇవ్వమన్నాడా లేదా? తిట్టేవాడడిగినా అన్నాడంట కదా. వాణ్ణి నాకంటే బాగా తిట్టేవాడు ఈ చుట్టుపక్కల ఉంటే చెప్పు, వెళ్ళిపోతా."

అలాంటివాడు లేడని ఆమెకూ తెలుసు. ఇచ్చిన మాట గొంతు మీద మోకాలు పెట్టి కూర్చుంది. పుస్తకాన్ని బియ్యపు సంచి గుడ్డలో చుట్టి చేతికిచ్చింది. టాక్సీ మలుపు తిరిగేదాకా చూసి, తిరిగాక కూడా ఇంకాసేపు చూసింది.

బుధవారం కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. శుక్రవారం బడి నుంచి నూబియా టీచరు ఇరవైమంది పిల్లలతో వస్తానంది, వాళ్ళకు ఎవుదోరో కథ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తుందట. అలా అడిగిన టీచరు ఈవిడే మొదలు. మొదటి నుంచి చివరిదాకా అన్న మాటే ఎదిల్సాను వదల్లేదు. నూట పన్నెండు ఒక్కటి చింపినా ఆ తర్వాతి యాభై పేజీలకు అర్థముండదు. ఆయన ఎందుకు ఓడాడో, ఎందుకు ఏడేళ్ళు వాయించడం మానేశాడో అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క పేజీతో ఆగుతాడా? పుస్తకమంతా పొయ్యిలో పెట్టడూ?

గురువారం రొట్టెలమ్మే ఆవిడ గుమ్మంలో ఆగి, "అక్కా, అస్ద్రూబల్ పెరట్లోంచి పొగ లేస్తోందేంటి? కాగితం వాసన," అంది.

ఎదిల్సా చెప్పులు వేసుకోవడం మరిచి పరుగెత్తింది. అరవై మూడేళ్ళ మనిషి. ఆ మధ్యాహ్నం దారిలో రెండు మోటారుసైకిళ్ళను దాటేసిందని వాటి యజమానులే ఒప్పుకున్నారు.

పెరట్లో మామిడాకుల కుప్ప మీద కాగితంలాంటి పాత కందిరీగల గూడు కాలుతోంది. అస్ద్రూబల్ వల ఊయలలో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పుస్తకం, చేతిలో భూతద్దం. ఆమె వెళ్ళి అరుగు మీద చతికిలబడింది.

"ఎన్ని పేజీలున్నాయి మామా?"

"నూట డెబ్భై ఆరు. మూడుసార్లు వెతికా."

"ఏం వెతికారు?"

"నన్ను."

"నూట పన్నెండులో ఉన్నారుగా."

"అది దొంగతనం కేసు. పలకరింపేదీ?" భూతద్దం ఆమె వైపు తిప్పాడు, అందులోంచి ఒక పెద్ద కన్ను కనిపించింది. "రీడు తీశా. కాదన్నానా? కానీ పన్నెండేళ్ళు వాడి పక్కన డోలు కొట్టా. పళ్ళు పీకినవాడికి పలకరింపు. జైల్లో తోసినవాడికి పలకరింపు. వాడి గాడిదక్కూడా వేశాడు, తొంభై ఒకటో పేజీలో ఉంది చూసుకో. నాకు మాత్రం లేదు."

"యాభై ఏళ్ళు మీరాయన గడప తొక్కలేదు."

"వాడు పిలవలేదు."

ఆయన నూట పన్నెండో పేజీ తెరిచి చూపించాడు. "ఇక్కడ అడుగున బొటనవేలంత ఖాళీ ఉంది. నీ మిషను ఇంకా పనిచేస్తుందిగా? కొట్టు. 'నా తమ్ముడు అస్ద్రూబల్ కిరోస్‌కి, డోలుకే మొగుడికి.' ఒక్క వరస. అది పడేదాకా పుస్తకం ఈ ఊయల దిగదు."

ఒక్క వరసే. ఎవరికీ తెలియదు. రేపు టీచరు వచ్చేసరికి పుస్తకం నిండుగా వసారాలో ఉంటుంది. మేయర్లు చెప్పగా చచ్చినవాళ్ళు ఓటేసినట్టు, తవ్వని బావిలో నీళ్ళు పడినట్టు కొట్టిన వేళ్ళే అవి. ఈ వరస వాటికో లెక్కా? కానీ ముప్పై ఒక్కేళ్ళ కాగితాల్లో, ఎవరూ ఇలా మార్చమని చెప్పకుండా ఆమె కొట్టింది ఈ నూట డెబ్భై ఆరు పేజీలే.

"కొట్టను మామా. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టలేను."

"ఐతే నా దగ్గరే ఉంటుంది."

"ఉంచుకోండి," అనేసింది. అన్నాక మాట వెనక్కి తీసుకోలేదు. "కానీ చదువుతానని ఎవరొచ్చినా తలుపు తీయాలి. నేను మాటిచ్చింది పుస్తకం నా ఇంట్లో ఉంటుందని కాదు, అడిగినవాడికి దొరుకుతుందని."

"నా ఇంట్లో కూర్చుని నన్ను దొంగా అని చదువుతారా?"

"గట్టిగానే చదువుతారు. రేపు ఇరవైమంది పిల్లలొస్తున్నారు."

ముసలాయన చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. "ఎవడైనా పేజీ మీద చెయ్యేస్తే?"

"పూచీ మీది."

"చెయ్యి విరిచేస్తా. పలకరింపు పడేదాకా ఇది నా తాకట్టు, తెలుసా?"

శుక్రవారం ఆ పెరడు నిండిపోయింది. పిల్లలతోపాటు పెద్దవాళ్ళూ చేరారు. మందుల షాపు ఆవిడ తన మామగారి పలకరింపు వచ్చేసరికి అలవాటు కొద్దీ చెయ్యి చాచింది, అస్ద్రూబల్ చేతికర్ర ఆ వేళ్ళకు వెంట్రుకవాసిలో బల్ల మీద పడింది. ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. ఎదిల్సా ఇన్నాళ్ళూ బతిమాలి సాధించలేనిది ఆయన ఒక్క దెబ్బతో సాధించాడు.

నూట పన్నెండు వచ్చింది. నూబియా టీచరు గొంతు తగ్గించి, రెండు వరసలు మింగబోయింది.

"దాటెయ్యకు టీచరమ్మా. గట్టిగా."

ఆమె చదివింది. "ఆ పొద్దున నా అకార్డియన్లోంచి ఒక రీడు తీసినవాడు అస్ద్రూబల్ కిరోస్."

ఎదిల్సా చూపు టీచరు బొటనవేలు మీదే ఉంది.

"తప్పు," అన్నాడు అస్ద్రూబల్. "ఒకటి కాదు, రెండు. పై వరసలో ఒకటి, కింది వరసలో ఒకటి. ఒక్కటే తీస్తే దాన్ని తప్పించుకుని వాయించి గెలిచేసేవాడు. అంత మొనగాడు వాడు."

పిల్లలు ఒక్కసారిగా ఎగబడ్డారు. "ఎలా తీశావు తాతా? దేంతో తీశావు?"

"ముందు పుస్తకం. నా సంగతి తర్వాత," అని కర్రతో టీచరుకు సైగ చేశాడు.

ఎదిల్సా అప్పుడు తల పైకెత్తింది. ఊయల మీది రేకుల కప్పులో అరచేతంత చిల్లు, దాంట్లోంచి ఎండ సరిగ్గా పుస్తకం మీద పడుతోంది. వానలకింకా మూడు వారాలే ఉన్నాయి.

"మామా, ఆ రేకు ఎప్పుడు మార్పిస్తారు?"

"నువ్వు పలకరింపు ఎప్పుడు కొడితే అప్పుడు," అన్నాడు ఆయన, పుస్తకం మీంచి చూపు తిప్పకుండా.