మస్టరు ప్రకారం నిన్ననే పుట్టాను

మా తెలుగు సంఘం రీడింగ్ రూము గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉంది. రోజూ పొద్దున్న ఏడున్నరకి దాని మీద సుద్దముక్కతో రాసేది నేనే. పైన తారీకు, దాని కింద ‘ఈ రోజున’ అని శీర్షిక, ఆ కింద మూడు పాత సంగతులు, అడుగున నవ్వుకోడానికి ఒక మాట. రాయమని నన్నెవరూ అడగలేదు, మానమనీ అనలేదు. ఇరవయ్యేళ్లు బళ్లో చరిత్ర చెప్పినదాన్ని. ఈ హిందీ ఊళ్లో తెలుగు సెక్షన్ మూసేశాక వినే పిల్లలు లేకపోయారు గానీ నోరు ఊరుకోలేదు.

ఒకప్పుడు ఈ బల్ల దగ్గర గొడవలయ్యేవి. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేవాళ్లు సైకిళ్లు ఆపి చదివి, “మేడమ్, ఈ యుద్ధం తారీకు తప్పండి” అనేవారు. నేను లోపల్నుంచి పుస్తకం తెచ్చి చూపించేదాన్ని. పుస్తకమే తప్పనేవారు. ఆ రోజులు బాగుండేవి. ఇప్పుడు కుర్రాళ్లకి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. ముసలివాళ్లకి అక్షరం వచ్చు, చూపు ఆనదు. మధ్య వయసువాళ్లకి రెండూ ఉన్నాయి, కానీ చేతిలో ఫోను కూడా ఉంది. ఒకసారి పరీక్షిద్దామని ఒక రాజు చచ్చిపోయిన తారీకు నాడు అతను పుట్టాడని రాశాను. సాయంత్రం దాకా చూశాను. ఆ రాజు పుట్టినవాడు పుట్టినట్టే ఉండిపోయాడు.

ఈ ఏడు మే ఇరవైతొమ్మిదిన కూడా వెళ్లి రాశాను. ఏడున్నరకే ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. సుద్దముక్క చెమటకి వేళ్లకి అంటుకుంటోంది. ఈ తారీకు నాకు బాగా ఇష్టమైంది, కారణం తర్వాత చెబుతాను. చరిత్ర మటుకు దీనికి లోటు చేయలేదు.

మొదటి సంగతి, పద్నాలుగు వందల యాభైమూడులో ఈ రోజున కాన్‌స్టాంటినోపుల్ పట్టణం తురుష్కుల చేతికి చిక్కింది. వెయ్యేళ్లు నిలబడ్డ గోడల్లో ఎవరో ఒక చిన్న తలుపు గడియ వేయడం మరిచిపోయారని ఒక కథ ఉంది. నిజమో కాదో తెలీదు గానీ, ఇంట్లో ఆఖర్న పడుకునే ఆడదాన్ని అడిగితే నమ్మేస్తుంది. ఆ రోజు మంగళవారం కావడం వల్ల గ్రీకులకి ఇప్పటికీ మంగళవారమంటే గిట్టదట. మంగళవారం ఏ మంచిపనీ మొదలెట్టని మా బస్తీ వాళ్లకి, చూడబోతే, వాళ్లతో ఏదో చుట్టరికం ఉండాలి.

రెండోది, పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో ఇదే రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందో లేదో చూడడానికి పండితులు ఓడలెక్కి సముద్రాలు దాటి వెళ్లారు. వంగుతుందని తేలింది. నక్షత్రాలు రోజూ అక్కడే ఉంటాయి. సూర్యుడు కాసేపు ఆరితే గానీ వాటి వైపు ఎవరూ చూడలేదు. ఇది రాస్తూ నాకు నేనే కాస్త ఎక్కువగా వర్తింపజేసుకున్నాను. ఒంటరిగా ఉండేవాళ్లకి ఈ జబ్బు ఉంటుంది, గ్రహణం కూడా తమ గురించే పట్టిందనుకుంటారు.

మూడోది, పంతొమ్మిది వందల యాభైమూడులో ఇద్దరు మనుషులు ఎవరెస్టు కొన మీద మొదటిసారి కాలు పెట్టారు. పావుగంట నిలబడి దిగిపోయారు. ఆ వార్త లోకానికి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆ శిఖరం ఎవరూ ఎక్కనిదనే కిందున్నవాళ్లంతా అనుకుంటున్నారు. జరిగిన రోజు వేరు, తెలిసిన రోజు వేరు.

అడుగున నాలుగో వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది. నవ్వుకోడానికి ఒక్క మాటా తట్టలేదు. ఖాళీగా వదిలేశాను.

ఇష్టానికి కారణం చెబుతానన్నాను కదా. ఆ రోజు నా పుట్టినరోజు. ఆ సంగతి ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

కాగితాల ప్రకారం నేను పుట్టింది ఇరవయ్యెనిమిదిన. ముందురోజు పొద్దున్నే బ్యాంకువాడు శుభాకాంక్షలు పంపాడు. నా పేరు తప్పులేకుండా రాసినవాడు ఆ ఏడాదికి అతనొక్కడే. సంఘం వాట్సాప్ గ్రూపులో పదిహేడు కేకులొచ్చాయి, అన్నీ ఒకే కేకు. గమ్హరియాలో ఫ్యాక్టరీ పక్కన కాపురమున్న మా తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, డ్యూటీకి లేటవుతంది, పిల్లకిత్తన్నాను” అన్నాడు. మేనకోడలు అందుకుని, “హ్యాపీ బర్త్‌డే బువా! కేక్ కాటా క్యా?” అని హిందీలో అడిగింది, కేకు కోశావా అత్తా అని. కత్తి పదును పోయిందన్నాను. దానికి నా తెలుగు సగం అర్థమై, “నయా ఖరీద్ లో నా” అని, కొత్తది కొనుక్కోమని సలహా ఇచ్చింది.

ఈ తేడా ఎక్కడిదంటే, మా నాన్న ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఈ ఊళ్లో రోజులు కేలండరు మీద కాదు, షిఫ్టుల మీద నడుస్తాయి. రాత్రి పదింటికి మొదలై పొద్దున్న ఆరింటికి దిగే సీ షిఫ్టు రెండు తారీకుల మీద కాళ్లు చాపుకుని ఉంటుంది. హాజరు వేసే మస్టరులో మాత్రం అది ఎక్కిన రోజు కిందే పడుతుంది. నేను తెల్లవారుజామున మూడింటికి పుట్టాను. నాన్న అప్పుడు ఇరవయ్యెనిమిదో తారీకు సీ షిఫ్టులో ఉన్నాడు. కాబట్టి తన కూతురు ఇరవయ్యెనిమిదిన పుట్టిందని రాయించి వచ్చాడు.

మా ఇంట్లో ఏడాదికోసారి ఈ తగువు తప్పేది కాదు. నాన్న ఇరవయ్యెనిమిది సాయంత్రం సాక్చి బజారు నుంచి జిలేబీ పొట్లం తెచ్చేవాడు. అమ్మ ముట్టేది కాదు.

“సీ షిఫ్టు ఇరవయ్యెనిమిదిదే. ఆ డూటీలో పుట్టినాది. మరింకేటి?” అనేవాడు నాన్న.

“నాను కన్నానా, నీ మస్టరు కన్నాదా?” అనేది అమ్మ.

మర్నాడు పొద్దున్న నాకు తలంటు పోసి, బెల్లం పరవాన్నం వండి, నాన్న కంచంలో కూడా కావాలని గరిటెడు ఎక్కువే వేసేది. అలా నాకు రెండు పుట్టినరోజులుండేవి. నాన్న పోయాక కూడా ఇరవయ్యెనిమిది మిగిలింది, దానికి కాగితాలున్నాయి. ఇరవైతొమ్మిదికి అమ్మ ఒక్కతే ఉండేది. రెండేళ్ల కిందట అమ్మా పోయింది.

ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా అంటారు. చెప్పి అభినందనలు తెచ్చుకోవడమంటే నాకు ఒళ్లుమంట. నేను చెప్పకుండా, ఈ భూమ్మీద ఒక్కరు, ఈ రోజు నాదని అనాలి. అంతే నాకు కావలసింది. ఆ తెల్లవారుజామున ఆ గదిలో ఉన్నది ముగ్గురం. అమ్మ లేదు. నాకు జ్ఞాపకం లేదు. మిగిలిన సాక్షి, పాత క్వార్టర్లలో మాకు గోడ కలిసిన ఇంటావిడ, చుట్టరికం లేకపోయినా నేను పిన్నీ అని పిలిచే మనిషి. ఎనభై దాటాయి. సాక్చిలో కొడుకు ఇంట్లో ఉంటోంది.

రీడింగ్ రూముకి తాళం వేసి బిష్టుపూర్‌లో ఆటో ఎక్కాను. సాక్చి బజారులో తాటిముంజెలు కనిపిస్తే కొన్నాను. ఊరికే రాలేదని చెప్పుకోడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

పిన్ని కోడలు తలుపు తీసి, “రా వదినా. మా అత్త పొద్దున్నించీ ఎవులితో దెబ్బలాడదామా అని సూత్తంది” అంది.

“ఎవులది?” లోపల్నుంచి గొంతు.

“నేనే పిన్నీ.”

“నేనే అంటే ఊర్లో సగంమంది నేనే. ఇంకో ముక్క మాటాడు, పోల్చుకుంతాను.”

“మాట్లాడితే పొమ్మంటావు.”

“ఓలమ్మా, నువ్వేటే! ఈ నోరు ఇంకెవులికుంది! ఇన్నాల్లకి దారి తెలిసినాదేటి? కూకో.”

మంచం పక్కన కూచున్నాను. ముంజెలు ఒలిచి చేతికిస్తే, నీళ్లు జుర్రుకుని లేతగా లేవని వంక పెట్టింది. నేను మెల్లగా దారి వేయడం మొదలుపెట్టాను.

“ఇవాళ తారీకు ఎంత పిన్నీ?”

“తారీకుతో నాకేటి పనే? మందుల డబ్బాకి వారం తెలిస్తే సాలు.”

“అమ్మ ఉంటే ఈ పాటికి పరవాన్నం వండేది.”

“మీ యమ్మ బెల్లం ఎక్కువేసేది. సెప్తే వింతాదేటి? నువ్వూ అంతే.”

రెండు దార్లూ మూసుకుపోయాయి. ఇంకొకటే మిగిలింది. “ఈ ఎండలేంటి పిన్నీ. నేను పుట్టినప్పుడు కూడా ఇలాగే ఉండేదా?”

“ఇంతకన్నానా?” అని పిన్ని ముంజె పక్కన పెట్టేసింది. “గాలాడక మీ యమ్మ ఓ పక్క, నువ్వో పక్క ఒకటే ఏడుపు. ఇసనకర్రతో ఇసిరి ఇసిరి నా సెయ్యి వాసిపోనాది. మీ నాయనకి గేటు కాడికి కబురంపితే, కొలిమి కాడ మారు మనిసి లేడు, సైరనయ్యాక వత్తానన్నాడు. ఆరయ్యాక వచ్చినాడు, ఒంటినిండా మసి. నిన్ను ముట్టనివ్వలేదు నాను. గుమ్మంలో కూకోని ఏడిసినాడు.”

“నాన్నా? ఏడ్చాడా?”

“మరేటి? కన్న యేల పక్కన లేకపోనావని మీ యమ్మ సెడామడా తిట్టినాది. నాను లేకపోడమేటి, నా డూటీలోనే కదా పుట్టినాది అన్నాడు. అలాగే ఎల్లి, ఆ డూటీ తారీకే రాయించినాడు.”

నేను ఇంకో ముంజె తీసుకుని ఒలవసాగాను. నాన్నకి తారీకులు లెక్కపెట్టడం రాదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. బళ్లో పిల్లల్ని నవ్వించడానికి ఈ కథ చెప్పేదాన్ని కూడా. ఆయనకి వచ్చు. నేను పుట్టినప్పుడు తను లేని లోటు పూడ్చడానికి ఆయన చేతిలో ఉన్నది ఆ మస్టరు ఒక్కటే. అందులో మా ఇద్దరికీ ఒకే రోజు హాజరు వేయించుకున్నాడు.

ఇంత చెప్పిన పిన్ని మాత్రం ఆ రోజు ఇదేనని అనలేదు. ముంజె మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఇక నాకు ఓపిక లేకపోయింది.

“పిన్నీ, ఆ రోజు ఇవాళే. ఇవాళ నా పుట్టినరోజు.”

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. “ఇయ్యాల తారీకెంత?”

“ఇరవైతొమ్మిది.”

“అయితే ఇయ్యాలేటి? నిన్న కదే!”

ఉన్న ఒక్క సాక్షీ తిరగబడింది.

“తెల్లవారుజామున మూడింటికి పుట్టాను పిన్నీ. నువ్వే ఉన్నావు.”

“ఉన్నాను. సీ షిఫ్టులో పుట్టినావు. సీ షిఫ్టు ఏ రోజుది? ఎక్కిన రోజుది. అన్నేళ్లు మా ఆయనకి కేరేజీ కట్టినాను, నాకు తెలీదేటి?”

“పన్నెండు దాటితే తారీకు మారిపోతుంది.”

“ఎవులికి మారుద్ది? గడియారానికి. మనిసికి ఇంటికొచ్చి తొంగుంటేనే మారుద్ది.”

“మా అమ్మ కన్నదా, మస్టరు కన్నదా?”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నేను తయారు చేసుకున్న మాట కాదది. పిన్ని పళ్లులేని నోరు తెరిచి, మంచం కదిలేలా నవ్వింది. “అచ్చం మీ యమ్మేనే! అదే గొంతు, అదే దెబ్బలాట!” అంది. తర్వాత తనేమీ తగ్గలేదు. అరగంట వాదించుకున్నాం. కోడలు గోడ మీది కేలండరు తీసుకొచ్చి మధ్యలో పెట్టింది. పిన్ని దాన్ని విసనకర్రగా వాడుకుంది. నేను గ్రహణం చెప్పాను, ఎవరెస్టు చెప్పాను. జరిగిన రోజు వేరు, తెలిసిన రోజు వేరని చెప్పాను. “ఆ కొండెక్కినోల్లు ఏ షిఫ్టు?” అని అడిగింది. ఎన్ని నెలలయిందో, ఒక మనిషి నా మాట కాదనడానికి ఇంత శ్రమపడి.

మధ్యాహ్నం రెండింటి సైరన్ మోగేసరికి ఇద్దరికీ గొంతులు ఎండిపోయాయి. నేను లేచాను.

“వచ్చే ఏడు ఇరవయ్యెనిమిదికి వచ్చీ. పరవాన్నం వండిత్తాను” అంది పిన్ని.

“ఇరవైతొమ్మిదికే వస్తాను.”

“అయితే సల్లారిపోయింది తిందువు గాని.”

మెట్లు దిగుతూ, వచ్చే ఏటికి ఆమెకి ఎన్నేళ్లో లెక్కేయబోయి మానేశాను.

సాయంత్రం రీడింగ్ రూము తెరిచాను. పేపర్లు పొద్దున్న నేను మడిచిన మడతలోనే ఉన్నాయి. ఫ్యాను వేసుకుని ఏడు దాకా కూచున్నాను. ఎవరూ రాలేదు. మూసే ముందు సుద్దముక్క తీసుకుని, బల్ల మీద ఖాళీగా వదిలిన నాలుగో వరసలో రాశాను: ‘ఈ రోజున మన ఊళ్లో ఒక ఆడపిల్ల పుట్టింది. నిన్ననే పుట్టిందని కొందరి వాదన.’

మర్నాడు ఏడున్నరకి వెళ్లి నేనే తుడిచాను. అప్పటిదాకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.