బోణీకి కొన్న ఊలు

కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ లేసు అల్లడం మానేసింది. అడిగితే "దారం అయిపోయిందే" అంటుంది. చిన్నప్పుడు మిషన్ బళ్ళో నేర్చుకున్న అల్లిక అది. పెదపాడులో మా ఇంట్లో బల్ల మీదా, టీవీ మీదా, ఆఖరికి మంచినీళ్ళ బిందె మూత మీదా ఆవిడ లేసు గుడ్డలే. అలాంటి మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని సీరియళ్ళు చూస్తూ కూర్చుంటే నాకు భయం వేసింది. ఎలాగైనా అమ్మ చేత మళ్ళీ సూది పట్టించాలి. సగంలో ఆగిన లేసు ముక్క సంచిలో వేసుకుని పొద్దున్నే ఏలూరు బస్సెక్కాను.

బజారులో కొత్తగా పెట్టిన కొట్టది. ఊలూ, దారాలూ, చేతిపనుల సామాన్లూ అన్నీ దొరుకుతాయని బోర్డు. నేను వెళ్ళేసరికి షావుకారు పటాలకి అగరొత్తులు తిప్పుతున్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి, సాక్షాత్తూ లక్ష్మీదేవే లోపలికి నడిచొచ్చిందన్నంత సంబరపడ్డాడు.

"రండమ్మా, రండి. ఏం కావాలండి?"

లేసు ముక్క చూపించి, ఇలాంటి సన్న తెల్లదారం కావాలన్నాను. ఆయన పూసలు చూపించాడు. జాకెట్ కుచ్చులు చూపించాడు. బడిపిల్లల ప్రాజెక్టులకి థర్మాకోల్ కూడా చూపించాడు. చివరికి అటక మీంచి ఓ పెద్ద ఉండ దింపాడు.

"తెల్లదారమేనండి. చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కడతారండి. కలిదిండి నుంచి వచ్చి మరీ పట్టుకెళ్తారు. చచ్చినా తెగదండి."

"మా అమ్మ లేసు అల్లుతుందండీ, కొంగల్ని తోలదు" అని వెనుదిరిగాను.

ఆయన మొహం వాడిపోయింది. "అయ్యో, బోణీ అండి! మీరు ఒట్టి చేతులతో వెళ్తే సాయంత్రం దాకా ఈగలు తోలుకోవాలండి నేను. ఏదో ఒకటి తీసుకోండమ్మా."

మాది ఆదివారం చర్చికెళ్ళే కుటుంబం. బోణీలూ శకునాలూ మాకు లేవు. కానీ అంత మర్యాదగా అడిగినవాడి బోణీ పాడుచేసి గడప దాటగలిగిన మనిషిని మా వైపు నేనింకా చూడలేదు. గుమ్మాల తోరణాలకి వాడే ఊలు, వేలెడు లావుది, చిలకాకుపచ్చది కొన్నాను. ఆయన పరమానందపడి ఓ లావుపాటి సూది కొసరుగా పడేశాడు. బస్సులో దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ పని అమ్మ అందుకుంది.

"ఏమే, లేసు దారానికని వెళ్ళి చిలకని తెచ్చావా? దీంతో గేదెకి పలుపు పేనమంటావా?"

తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిడుతూనే ఊలు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తిడుతూనే సూది తీసుకుని, కుర్చీ గుమ్మం వెలుతురులోకి జరుపుకుంది. నేను టీ పెట్టి తెచ్చేసరికి ఒక వరస అల్లేసింది.

"ఇది కనపడుతోందే" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

"మరి ఆ తెల్లది?"

"ఎక్కడ కనపడి చచ్చింది! ఆపరేషన్ అయినా సన్నదారం మసకే."

"ఇన్నాళ్ళూ దారం అయిపోయిందన్నావేం మరి?"

"కనపడట్లేదంటే మళ్ళీ ఆ కళ్ళాసుపత్రికి లాక్కెళ్తావని."

గట్టిగా కోప్పడదామని నోరు తెరిచాను. ఆవిడ తల ఎత్తలేదు. అప్పటికే రెండో వరస ఎత్తుకుంది. టీ పక్కన పెట్టి, వెలుతురుకి అడ్డం తప్పుకున్నాను.