రెండు కుర్చీల అత్తయ్య

మా మేనత్తకి ఒక్కటే జబ్బు. ఏ సంగతైనా సరే, రెండు కుర్చీల్లో కూర్చుంటే తప్ప తేల్చలేదు.

ఆవిడ మా కాలేజీ లైబ్రేరియన్. కౌంటరు లోపల ఎత్తు కుర్చీ, బయట ఓ పొట్టి స్టూలు, మధ్యలో నడుమెత్తు తలుపు. ఆ తలుపు తీస్తే కిర్రుమంటుంది. ఎత్తు కుర్చీలో ఉన్నంతసేపూ అత్తయ్య రాజుగారు. తలుపు కిర్రుమనిపించి స్టూలు మీదికొచ్చిందంటే మన మనిషి. మన తరఫున ఖాళీ కుర్చీకి మొరపెట్టుకుని, మళ్ళీ లోపలికెళ్ళి, ఆ మొర తనే విని, తనే కొట్టేస్తుంది.

ఇదంతా గ్రీకువాళ్ళు తెచ్చిన తంటా. ఎప్పటివో ఆ విషాద నాటకాల్లో ఒకవైపు సొంత రక్తం, ఇంకోవైపు రాజాజ్ఞ. రాజద్రోహి శవాన్ని పూడ్చకూడదని రాజు, తోడబుట్టినవాణ్ణి పూడ్చి తీరతానని వాడి చెల్లెలు. ఎవరిది న్యాయం? ఈ ప్రశ్న మీద అత్తయ్య ఇరవై రెండేళ్ళుగా థీసిస్ రాస్తోంది. మొదటి గైడు రిటైరయ్యాడు. రెండో ఆయన బదిలీ చేయించుకున్నాడు. మూడో ఆయన దణ్ణం పెట్టి, "అమ్మా, ఇకమీదట నువ్వే నాకు గైడువి" అన్నాడు. ఆఖరి అధ్యాయం మాత్రం మొదలే కాలేదు. "అత్తయ్య థీసిస్ అయ్యాక చూద్దాం" అంటే మా ఇంట్లో ఆ పని ఇక జరగదని అర్థం.

నేను కాలేజీలో చేరిన కొత్తల్లో ఓ పుస్తకం ఒక్కరోజు ఆలస్యంగా తిరిగిచ్చాను.

"కార్డు పదిహేను రోజులు రద్దు" అంది ఎత్తు కుర్చీ.

"అత్తయ్యా! నీకు జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ నిన్నంతా మీ ఇంట్లోనే కదా కూర్చున్నాను!"

"ఇక్కడ అత్తయ్యలెవరూ లేరు."

కిర్రు. స్టూలు మీదికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "అయ్యా, చిన్నపిల్ల. వాళ్ళత్తకి ఒళ్ళు కాలిపోతుంటే కదలలేకపోయింది. ఆ అత్త ఎంత మంచిదో తమకి తెలీదు" అంది.

కిర్రు. "విన్నాం. అత్త మంచిదే కావచ్చు. అర్జీ తిరస్కరించడమైనది. తర్వాతెవరు?"

నా వెనక వరసలో పన్నెండుమంది ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. అందరి పుస్తకాలూ ఆలస్యమే.

పోనీ ఎదుటివాళ్ళ మీదేనా ఈ ప్రతాపం అంటే, అదీ కాదు. ఓసారి పన్ను పీకించుకోడానికి సెలవు కావాలని లైబ్రేరియన్ పేర అర్జీ రాసుకుంది. రెండు రోజుల ముందు పెట్టుకోలేదని లైబ్రేరియన్ హోదాలో తిరస్కరించింది. బూరెలాంటి బుగ్గతో సాయంత్రం దాకా ఎత్తు కుర్చీలోనే కూర్చుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిమనిషే రాజైతే ఇక చెప్పేదేముంది?

మా నాన్న ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్ద. "ఆ నాటకాల్లో ఊరి పెద్దల గుంపొకటి ఉంటుందటే. రాజుకీ మంచే చెబుతారు, ఆ పిల్లకీ మంచే చెబుతారు. ఎవరూ వినరు. ఆ గుంపుని నేనే" అనేవాడు.

నా ఆఖరి సంవత్సరంలో అసలు ముప్పు వచ్చింది. మా మాస్టారు నాకు పెద్ద వ్యాసం ఇచ్చారు. విషయం ఏమిటనుకున్నారు? గ్రీకు నాటకాల్లో కుటుంబమా, రాజ్యమా! సోమవారానికి ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. దానికి కావలసిన పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉంది. వీపున ఎర్రచీటీ, అంటే గడప దాటకూడదు. జిరాక్సుకి పెడితే పేజీలు ఎండుటాకుల్లా విరుగుతాయి. సరిగ్గా అప్పుడే నాన్న అటక మీంచి నా పాత నోట్సు తీయబోయి నిచ్చెనతో సహా కిందపడ్డాడు. కాలికి కట్టు కట్టి ఆస్పత్రిలో పైకి వేలాడదీశారు. అమ్మకి మిల్లులో పగటి షిఫ్టు. ఆవిడ వచ్చేసరికి ఏడున్నర, లైబ్రరీ మూసేది ఏడింటికి. పగలంతా నాన్న దగ్గర నేనే ఉండాలి.

నాన్న పడుకునే అర్జీ రాశాడు. "చెల్లాయికి, కాలు విరిగిన మీ అన్నయ్య రాయునది. పిల్ల ఏడాది పోతుంది. పుస్తకం నాలుగు రోజులు ఇప్పించు."

అమ్మ మిల్లులో ఓ గంట అనుమతి అడిగి వచ్చి నన్ను పంపింది. పరుగెత్తాను. అత్తయ్య స్టూలు మీద కూర్చుని అర్జీ రెండుసార్లు చదివింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కిర్రు.

"కాలు విరిగింది అర్జీదారుకి. నిబంధన విరగలేదు. తిరస్కరించడమైనది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వసలు నాన్నకి చెల్లెలివేనా? ఆ గ్రీకుపిల్లని చూసైనా సిగ్గు తెచ్చుకో!" అని అరిచి వచ్చేశాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. నాన్న మాత్రం, "అది నిన్నూ కాదనలేదు, నన్నూ కాదనలేదు. రాజు కాదన్నాడు, అంతే" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా మండింది.

మర్నాడు సాయంత్రం ఏడుంబావుకి అత్తయ్య క్యారియరుతో ఆస్పత్రికొచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. పై గిన్నెలు నాన్నకి పెట్టి, అడుగు గిన్నె నా ఒళ్ళో పడేసింది. అందులో అన్నం లేదు. గుండ్రటి అక్షరాలతో ముప్ఫైరెండు పేజీలున్నాయి.

"పుస్తకం గడప దాటకూడదన్నాడు రాజు. చదివింది రాసుకోకూడదని అనలేదు. డ్యూటీ దిగాక రిజిస్టరులో సంతకం పెట్టి, అందరిలాగే బల్ల దగ్గర కూర్చుని రాశాను" అంది. "ఎవరితోనైనా అన్నావో, కార్డు రద్దు."

"అక్షరాలు వెలిసిపోయినట్టున్నాయేం?"

"నీకిచ్చింది కార్బన్ కాపీ. చుట్టానివి కదా, సర్దుకో."

శనివారం దాకా రోజూ అడుగు గిన్నె వచ్చింది. అత్తయ్య బొటనవేలు నీలంగా మారింది. సోమవారం అమ్మని నాన్న దగ్గర కూర్చోబెట్టి వెళ్ళి వ్యాసం ఇచ్చాను, గట్టెక్కాను.

వ్యాసం ఇచ్చి లైబ్రరీకి వెళితే, రెండు బస్సులు మారి వచ్చే మా క్లాసు అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని కనిపించింది. తనదీ అదే వ్యాసం. బస్సు పోతుందని నాలుగింటికే వెళ్ళిపోయే మనిషి. ఆమె చేతిలో ఉన్నవి అవే గుండ్రటి అక్షరాలు. కాకపోతే నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నన్ను చూసి గబుక్కున సంచిలో దాచేసింది. నేనూ నా కట్ట దాచుకున్నాను.

అటెండరు తాత నవ్వు ఆపుకోలేక నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచాడు. నిండా చేతిరాత కట్టలు. ప్రతి కట్ట మీదా గుండుసూదితో ఓ అర్జీ. ఎర్రసిరాతో "తిరస్కరించడమైనది". కింద పెన్సిలుతో "రాసిచ్చాను".

"మేడం ఎవరికి కాదంటే ఆ సాయంత్రం వాళ్ళ పనే" అన్నాడు తాత. "ఎవరితోనూ అనొద్దని అందరికీ ఒట్టు పెట్టింది. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే అనుకుంటారు. ఆ అమ్మాయి పుస్తకం ఇంటికడిగినా కాదంది, నువ్వడిగినా కాదంది. తర్వాత ఇద్దరికీ కలిపి కార్బన్ పెట్టింది."

ఇరవై రెండేళ్ళ సాయంత్రాలు ఆ బీరువాలో ఉన్నాయి. ఆ థీసిస్ మీద నేను వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గేసింది. అత్తయ్యని వెళ్ళి వాటేసుకోవాలనిపించింది. కానీ ఆవిడ ఎత్తు కుర్చీలో ఉంది.

కట్ట ఇచ్చేటప్పుడే, సోమవారానికి తిరిగివ్వాలని అత్తయ్య నాతో రాయించుకుంది. తర్వాత అడిగేవాళ్ళకి పనికొస్తుందట. ఇచ్చేద్దామనే తెచ్చాను, కానీ ఆ అక్షరాలు వదలబుద్ధి కాలేదు. బుధవారం నాన్నని ఆస్పత్రి నుంచి తీసుకొస్తూ, లైబ్రరీ దగ్గర రిక్షా ఆపించి, ఇద్దరం లోపలికెళ్ళి కట్ట ఇచ్చాం.

"రెండు రోజులు ఆలస్యం. కార్డు పదిహేను రోజులు రద్దు" అన్నాడు ఎత్తు కుర్చీలోంచి రాజు.

కిర్రు. "అయ్యా, తండ్రిని ఇంటికి చేర్చుకునే హడావిడిలో ఉంది పాపం."

కిర్రు. "విన్నాం. అర్జీ తిర..."

నాన్న చంకకర్ర నేలకేసి కొట్టాడు. "ఇద్దరూ చెప్పింది బాగానే ఉంది. కాస్త ఒకళ్ళ మాట ఒకళ్ళు వినండమ్మా!"

రాజు నాన్న కాలు వైపు చూశాడు. కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచారు.

"పద్నాలుగు రోజులు" అన్నాడు చివరికి.

నాన్న స్టూలు మీద చతికిలబడి, "అమ్మయ్య! ఇన్నేళ్ళకి ఊరి పెద్దల మాట విన్నారు" అన్నాడు.