రెండుసార్లు నొక్కిన ఫొటో

పొద్దున సత్తెనపల్లిలో మా స్టూడియోకి మిరప రైతు కోటేశ్వరరావు గారు వచ్చారు. వాళ్ళమ్మగారు పోయి వారమైంది. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలని, మొన్న వేసవిలో మిరప కల్లం దగ్గర నేను తీసిన ఫొటో కావాలని అడిగారు.

నాది చవక డీఎస్‌ఎల్‌ఆర్. ఫొటోకైనా వీడియోకైనా అదొక్కటే. ఫోల్డర్ తెరిస్తే ఆమె ఫొటో లేదు. ఇరవై సెకన్ల వీడియో ఉంది. ఆ రోజు వీడియో మోడ్ నుంచి ఫొటోకి మార్చడం మర్చిపోయానన్నమాట. రెండు ఫొటోలు తీశాననుకుని రెండుసార్లు నొక్కాను. మొదటి నొక్కుడికి రికార్డింగ్ మొదలైంది, రెండోదానికి ఆగింది.

ఆ మధ్యలో ఆవిడ కుర్చీలో కర్రలా కూర్చుంది. ఫొటో చెడిపోతుందని ఊపిరి బిగబట్టింది. చివర్లో మాత్రం ఉండబట్టలేక, "తీశావా అయ్యా?" అంది.

"తీశానమ్మా" అని నా గొంతు.

కోటేశ్వరరావు గారు మూడుసార్లు చూశారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మా అమ్మ ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదండి" అన్నారు.

"ఏ ఫ్రేమ్ తీయమంటారు?"

"ఏదో ఒకటి మీరే చూడండి" అనేసి వెళ్ళిపోయారు.

నాకూ ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నాను. రెండు పాస్‌పోర్టు ఫొటోలు తీశాను. సాయంత్రం ఫ్రేమ్ కోసం కూర్చుంటే అన్నింట్లోనూ అదే బిగుసుకుపోయిన మొహం. ఒక్క "తీశావా" దగ్గరే ఆవిడ మనిషిలా ఉంది.

అదే పంపించాను. ఫ్లెక్సీ మీద నోరు తెరిచి ఉంటే బాగోదంటారా?