పెడల్ తొక్కితే అరిచిన కారు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి చిట్యాల దాకా

చిట్యాలలో నాకు పనేమీ లేదు. పని మా పై వాటాలో అద్దెకుండే అనసూయక్కది. బట్టలు కుట్టి బతికే మనిషి. చెల్లెలు సైదమ్మతో ఒక పెళ్లిలో మాటామాటా పెరిగి, ఏళ్ల తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అలాంటి సైదమ్మ ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ముందు రోజు ఫోన్ చేసి, "అక్కా, రేపు ఒస్తవా? కలిసి పేరుద్దాం" అని, జవాబు వినకుండానే పెట్టేసిందట. 2011, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. అక్క మా మెట్ల మీద కూలబడి, "ఇప్పుడు పోకుంటే మల్ల పిలుస్తదా లక్ష్మీ?" అంది. మావారు ఉద్యోగం పని మీద ఊళ్లో లేరు. కారు ఇంటి ముందే ఉంది. "నేను తీసుకెళ్తాను పద అక్కా" అనేశాను.

అన్నానే గానీ లోపల బెదురుగానే ఉంది. కారు మాకంటే ముందు ఇద్దరి చేతులు మారిన పాతది. పైగా మాది గుంటూరు వైపు. నోరు విప్పితే ఊరు తెలిసిపోతుంది. ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర కూడా నేను తక్కువ మాట్లాడేదాన్ని.

చిట్యాలకు దారి తేలికే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట, ఎల్బీ నగర్ దాటితే విజయవాడ హైవే. మామూలు రోజుల్లో రెండు గంటల ప్రయాణం. మర్నాడు ఉదయం తొమ్మిదికి బయల్దేరాం. చైతన్యపురి దగ్గర గేరు మారుస్తుంటే కింద నుంచి గర్రుమని చప్పుడు. కొత్తపేట వచ్చేసరికి అది కీచుమనే అరుపైంది. ఎల్బీ నగర్ కూడలి చేరేసరికి గేరు పడటమే మొరాయించింది. అప్పుడే తలెత్తి చూశాను. ముందు రోడ్డే లేదు.

రోడ్డంతా వంటిల్లు. నిరసనగా రోడ్డు మీదే వండి తినే వంటావార్పు గురించి పేపర్లో చదివానే గానీ కళ్లారా చూడటం అదే మొదలు. లారీలు తిరిగే తారు మీద మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు రాజేశారు. వాటి మీద మనిషి కూర్చుంటే మునిగేంత గంజులు. ఒకచోట పప్పు ఉడుకుతోంది, ఒకచోట బగారన్నం. ఉద్యోగులు, ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు, కొంగులు బిగించి ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్లు... కనుచూపు మేర జనమే. ఇంత పెద్ద రోడ్డు ఇలా కూడా ఉండగలదా అని స్టీరింగ్ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

కారు కదలడం లేదని చూసి నలుగురు వచ్చి పక్క సందులోని షెడ్డు దాకా తోశారు. షెడ్డు జంగయ్యది. ఆ రోజు పని లేక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు ఒకసారి విని, "గేర్‌బాక్సు పోయినట్టుందమ్మా" అన్నాడు.

"క్లచ్ పెడల్ తొక్కినప్పుడే వస్తోందండీ. వదిలేస్తే ఆగిపోతోంది" అన్నాను.

"అట్లనా? మల్ల స్టార్ట్ చేయుండ్రి. న్యూట్రల్ల పెట్టి."

ఇంజన్ నడుస్తుండగా నేను క్లచ్ మెల్లగా తొక్కాను. సగం దిగకముందే అరుపు మొదలైంది. వదిలాను, మాయం. మళ్లీ తొక్కాను, మళ్లీ అరిచింది. జంగయ్య తల ఊపాడు. "మీరు చెప్పింది మంచిగైంది. గేర్‌బాక్సు బేరింగయితే ఇడిసినప్పుడు మోగుతది, తొక్కితే ఊకుంటది. ఇది ఉల్టా. రిలీజ్ బేరింగ్ పోయింది."

"నా మిషన్ గూడ గిట్లనే అరుస్తది. ఇంత నూనె పోస్తే కాదా?" అంది అనసూయక్క.

"లోపలికి నూనె పోదక్కా, మూసేసిన బేరింగది. మార్చుడే. గిట్లనే పోతే నడిమిట్ల ఇరిగి, క్లచ్ మొత్తం తినేస్తది."

మార్చడానికి బేరింగేది? సామాన్ల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. జంగయ్య రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "అగో, పప్పు గంజు కాడ గరిట పట్టుకున్నడు చూడుండ్రి, శంకరన్న. ఆయనదే దుకాణం. మీరు అడగుండ్రి, నేను బండి ఇప్పుత."

నేను అక్క వైపు చూశాను. అక్క, "బేరింగ్ సంగతి నాకేం ఎరుక? నువ్వే చెప్పాలె" అంది. పొయ్యిల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి, "అన్నగారూ, మా కారు ఆగిపోయిందండీ, రిలీజ్ బేరింగ్ కావాలి" అన్నాను. చుట్టుపక్కల మాటలు ఆగాయి. "ఏ ఊరు మేడం మీది?" అన్నాడు ఒక కుర్రాడు. "గుంటూరండి. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లోనే." "సమ్మెల దుకాణం తెరుస్తవా అన్నా?" అన్నాడు అతను శంకరన్నతో.

నా వెనకే వచ్చిన అక్క గబగబా ముందుకొచ్చింది. "అన్నా, ఎన్నేండ్లకో నా చెల్లె పండుగకు పిలిచింది. పొద్దుగూకేలోపు చిట్యాలకు పోవాలె. ఈ బిడ్డ నాకోసమే బండి తీసింది."

శంకరన్న గరిటను ఆ కుర్రాడి చేతిలోనే పెట్టాడు. "అడుగంటకుండ కలుపు. బతుకమ్మకు పోయే ఆడబిడ్డను ఆపనీకి మనం రోడ్డు మీద కూసోలే" అని దుకాణం వైపు నడిచాడు.

దారిలో తనే అన్నాడు: "తెలంగాణ ఒస్తదమ్మా. భయమైతుందా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అవుతోందండీ. వెళ్లిపొమ్మంటారేమోనని."

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. "అనేటోళ్లు ఉంటరు, లేరని ఎందుకంటా? మాది మాకు కావాలె, అది వేరే ముచ్చట. కానీ బేరింగ్ కొననొచ్చినోళ్లను ఊరడిగి ఇచ్చుడు నాకు రాదు." షట్టర్ సగమే లేపి, వంగి లోపలికి వెళ్లి, అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. రోజూ తీసుకునే ధరే తీసుకున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి గేర్‌బాక్సు కిందికి దిగుతోంది. జంగయ్య లైటు పట్టుకుని రమ్మంటే వంగి చూశాను. ఇన్నేళ్లుగా నా కాలి కింద ఇదంతా ఉందా అనిపించింది. ఇనుప పళ్లెం నడిమికి, పొద్దుతిరుగుడు పువ్వు రేకుల్లా గుండ్రంగా పేర్చిన ఉక్కు నాలుకలు. పెడల్ తొక్కినప్పుడు బేరింగ్ ముందుకు జరిగి వాటిని నెడుతుందట. నెట్టగానే గిర్రున తిరిగే ఇంజను, చక్రాలతో పొత్తు వదులుకుంటుందట. ఆ లోపల మనం గేరు మార్చుకోవాలి. పాత బేరింగ్‌ను వేళ్లతో తిప్పి చూశాను, ఇసుక నమిలినట్టు కరకరలాడింది. కొత్తది తిప్పితే చప్పుడే లేదు, నీళ్లలో తిరిగినట్టుంది. క్లచ్ ప్లేటు చూసి, "ఇది ఇంక చానా రోజులొస్తది, మార్చొద్దు" అన్నాడు జంగయ్య. మధ్యాహ్నం దాకా పట్టిన పనికి పన్నెండు వందలు తీసుకున్నాడు.

ఈలోగా శంకరన్న మనిషిని పంపించాడు, తినడానికి రమ్మని. హైవే నడిమధ్యన, వేడెక్కిన తారు మీద చాపలేసిన బంతిలో నేనూ అక్కా కూర్చున్నాం. ఇందాక నా ఊరడిగిన కుర్రాడే వడ్డించాడు. "పచ్చిపులుసు తింటరా మేడం?" అన్నాడు, చూపు కాస్త పక్కకు తిప్పుకుని. "వెయ్యి తమ్ముడూ" అన్నాను. అంత రుచిగా అంతకు ముందు ఎక్కడా తినలేదు.

మూడింటికి దారి వదిలారు. క్లచ్ తొక్కితే నా ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు. హయత్‌నగర్, బాటసింగారం, చౌటుప్పల్. ప్రతి ఊరి దగ్గరా తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలు తలకెత్తుకుని ఆడవాళ్లు గుంపులుగా నడుస్తున్నారు. కొన్ని నడుమెత్తు ఉన్నాయి. పొయ్యిల పొగలోంచి బయటపడి పూలలోకి వచ్చామేమో అనిపించింది. నా వేగం దానంతటదే తగ్గిపోయింది.

చిట్యాలలో సైదమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. చుట్టూ పూల కుప్పలు, ఎదురుగా సగం పేర్చిన బతుకమ్మ. అక్కను చూసి లేవలేదు. "గింత పొద్దుకా ఒచ్చేది? పూలన్నీ వాడిపోతున్నయ్. కూసో, పట్టు" అంది, గునుగు కట్ట అందిస్తూ. అక్క చెప్పులు విడిచి పక్కన కూర్చుంది. కాసేపటికి ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదులుతున్నాయి. ఏడుపూ లేదు, క్షమాపణా లేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను.

రాష్ట్రం వచ్చింది. నేను ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఎల్బీ నగర్ కూడలి మీదుగా మెట్రో నడుస్తోంది, కింద ఫ్లైఓవర్లు. ఆ రోజు నాకు తినబెట్టిన వాళ్లందరూ నాలాంటివాళ్ల గురించి ఏమనుకున్నారో తెలియదు. అందరూ ఒకేలా అనుకుని ఉండరు కూడా. కానీ మనుషుల కోపాన్నీ మంచితనాన్నీ ఒకే బంతిలో, పక్కపక్కనే చూశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పాత కారులో ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. బయల్దేరే ముందు రోజు పాటలు ఆపి, అద్దాలు దించి, ఇంజను ఆన్ చేసి న్యూట్రల్‌లో క్లచ్ మెల్లగా తొక్కి వదలండి. తొక్కితే మోగుతోందా, వదిలితే మోగుతోందా గుర్తుపెట్టుకుని మెకానిక్‌కు ఆ ఒక్క ముక్కా చెప్పండి. ఏ యాసలో చెప్పినా ఫర్వాలేదు.