ఏడు ఈక్వల్ టు ఎక్స్

నేను ఓ కార్పొరేట్ స్కూలు మల్కాజ్‌గిరి బ్రాంచిలో లెక్కల టీచర్ని. మా పిల్లల పేపర్లు మారేడ్‌పల్లి బ్రాంచి వాళ్లు దిద్దుతారు, వాళ్లవి మేం దిద్దుతాం. ఎవరు దిద్దినా హెడ్డాఫీసు పంపిన జవాబుల కీ ముందు పెట్టుకోవాల్సిందే.

ఈ రోజు ఎనిమిదో తరగతి పేపర్లు తిరిగొచ్చాయి. కావ్య అనే అమ్మాయి లెక్కంతా సరిగ్గా చేసి, చివర 7 = x అని రాసింది. కీలో x = 7 అని ఉంది. మార్కు కోసేశారు.

a, bకి సమానమైతే b కూడా aకి సమానమేనని, దాన్నే సిమెట్రిక్ ప్రాపర్టీ అంటారని పోయిన వారమే ఆ క్లాసులో గొంతు చించుకుని చెప్పాను. ఆ ధైర్యంతోనే పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను.

"మీరు చెప్పేది కరెక్టే మేడమ్. కానీ ఒక్కరికి మారిస్తే అన్ని బ్రాంచీలల్ల మార్చాలె. ఊకె పరేషాన్ ఎందుకు? జెర సమజ్ చేస్కోండ్రి" అన్నారాయన.

క్లాసుకి తిరిగొచ్చి, "ఇకనుంచి x ఎడమవైపే రాయమ్మా" అన్నాను.

కావ్య వాదించలేదు. "గట్లయితే టీచర్, ఆ ప్రాపర్టీ బిట్ పేపర్ల రాసెటందుకేనా? లెక్కల వాడొద్దా?" అని మాత్రం అడిగింది.

ఇక్కడ లెక్కల టీచర్లెవరైనా ఉంటే, మీరేం చెప్పేవారో రాయండి. నేను వాడొద్దనే చెప్పాను.

"సరే టీచర్" అంది. ఈ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో ఇంత తొందరగా అర్థమైంది మరొకటి లేదు.